రోజూ తాగే పేషెంటుకు ఓపీలో ఏం చెప్పాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, కావలి దగ్గర పీహెచ్‌సీ): బీపీకి వచ్చే రొయ్యల చెరువు కూలీలు "కొంచెమే మేడమ్" అంటారు. అసలు లెక్క ఎలా రాబట్టాలి? వెంటనే మానేయమనొచ్చా?

మెడికల్ ఆఫీసర్: "తాగుతావా?" అనొద్దమ్మా. "వారంలో ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని క్వార్టర్లు?" అనడగండి. ఒక క్వార్టరు, అంటే 180 మి.లీ. విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఆ లెక్క బీపీ చీటీ పక్కన పెట్టి చూపించండి. తిడితే మాత్రం మళ్లీ రారు.

సైకియాట్రిస్ట్, ఒంగోలు: రోజూ బాగా తాగేవాళ్లను ఉన్నపళంగా మానమనడం ప్రమాదం. 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు; 48 గంటల్లోపు ఫిట్స్; రెండు మూడు రోజులకు మతి తప్పి మాట్లాడటం. ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లను ఇంటికి పంపకండి, జీజీహెచ్‌కు (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) రెఫర్ చేయండి. గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ ఇవ్వాలి, మనవాళ్లు మరిచేది ఇదే. షుగర్ పడిపోయి ఉంటే ఆగకుండా రెండూ కలిపి ఇవ్వండి. వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే మందుల్లో, లివర్ దెబ్బతిన్నవాళ్లకు డయాజిపామ్ కన్నా లోరాజిపామ్ మేలు.

కౌన్సెలర్: ఇంకోటి మేడమ్. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రను ఇంటివాళ్లు పేషెంటుకు తెలియకుండా అన్నంలో కలిపి పెడుతుంటారు. దానిమీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇంటివాళ్లకు గట్టిగా చెప్పండి, మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 నంబరు కూడా రాసివ్వండి.