‘ఫెయిర్ ప్రైస్’ మన దగ్గరికొచ్చి చౌక ఎందుకైంది?

రేషన్ షాపు బోర్డు చూసినప్పుడల్లా నాకో సందేహం. ఇంగ్లీషులో ఫెయిర్ ప్రైస్ షాప్. తమిళంలో ‘నియాయ విలై కడై’, కన్నడంలో ‘న్యాయబెలె అంగడి’. ఇద్దరూ న్యాయాన్ని వదల్లేదు. మనం మాత్రం ‘చౌక ధరల దుకాణం’ అన్నాం. ఇది అనువాదంలో జారిపోయిందా, తెలిసే పెట్టారా?

వ్యాఖ్య: జారిపోయిందనుకోను. క్యూలో నిలబడేవాళ్ల వైపు నుంచి పెట్టిన పేరు అది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు వాళ్లకి న్యాయమంటే చౌకే. కాకపోతే పక్కనే ‘చౌకబారు’ ఉండటంతో మాటకి కాస్త చులకన అంటుకుంది.

వ్యాఖ్య: అవే బియ్యం పండించినవాళ్ల దగ్గరికి వెళ్లండి, మాట మారిపోతుంది. అక్కడ ‘గిట్టుబాటు ధర’. ప్రభుత్వం నోట ‘మద్దతు ధర’. నాకు ఈ గిట్టుబాటు మీద చాలా ఇష్టం. సర్దుబాటు, దిద్దుబాటు, తిరుగుబాటు ఉన్న కుటుంబమే. ‘పడు’ నుంచి వచ్చిన ‘పాటు’ చివర చేరింది. గిట్టు అంటే సరిపడు. ‘వాడంటే నాకు గిట్టదు’ అంటాం కదా. చచ్చిపోవడమన్న అర్థం కూడా ఉంది: ‘పుట్టనేమి వాడు గిట్టనేమి’ అన్నాడు వేమన. అసలు విషయం వ్యాకరణంలో ఉంది. ‘ధర న్యాయంగా ఉంది’ అని చెప్పి ఊరుకోవచ్చు. ‘గిట్టింది’ అంటే మాత్రం ఎవరికి అని అడుగుతారు. ‘కు’ విభక్తి లేకుండా ఆ మాట నడవదు.

వ్యాఖ్య: బాగుంది మాస్టారూ. ఆ ‘ఎవరికి’ దగ్గరే యూరప్‌లోనూ కొట్టుకున్నారు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ తత్వవేత్త అన్నదేంటంటే, వస్తువు వదులుకుంటే అమ్మేవాడికి నష్టం కలిగేటట్టుంటే అది ధరలో కలుపుకోవచ్చు. కొనేవాడికి అవసరం ఎక్కువగా ఉందని మాత్రం రేటు పెంచకూడదు. ఎందుకంటే ఆ అవసరం అమ్మేవాడి సొత్తు కాదు! ఇప్పటి మార్కెట్‌ని నమ్మేవాళ్లు ఇది ఒప్పుకోరు. ఇద్దరూ ఇష్టపడి బేరం కుదుర్చుకుంటే అదే న్యాయమైన ధర అంటారు. ఆకలితో కొనడం ఇష్టపడి కొనడమేనా అన్నది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

వ్యాఖ్య: మార్కెట్‌ని ప్రభుత్వం చేతిలోకి తీసుకుంటే తేలిపోతుందనుకోకండి. 1923లో సోవియట్ దేశంలో ఫ్యాక్టరీ సరుకుల ధరలు పైకి, పంటల ధరలు కిందికి పోయాయి. అక్కడి నాయకుడు ట్రాట్‌స్కీ గ్రాఫు మీద ఆ రెండు ధరల గీతలనీ కత్తెరతో పోల్చాడు. రైతులకి గిట్టక ధాన్యం అమ్మడం తగ్గించేశారు. తర్వాత 1930ల్లో సమష్టి క్షేత్రాల నుంచి ప్రభుత్వమే తక్కువ ధరకి నిర్బంధంగా సేకరించింది. పట్నంలో రొట్టె చౌకగా ఉండాలంటే పల్లెలో ఎవరో ఒకరు భరించాలి. ఆ లెక్క ఏ వ్యవస్థలోనూ తప్పలేదు.

వ్యాఖ్య: మన దగ్గర ఆ లెక్కకి అక్షరాలు కూడా ఉన్నాయి, మద్దతు ధర కోసం సాగు ఖర్చు కట్టే పద్ధతుల పేర్లు. ఏ2 అంటే రైతు చేతి నుంచి పోయిన ఖర్చు. దానికి ఎఫ్ఎల్, అంటే ఫ్యామిలీ లేబర్, కలిపితే ఇంటి మనుషుల కష్టానికి కట్టిన కూలి కూడా చేరుతుంది. సీ2లో సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా వస్తాయి. ఖర్చు మీద కనీసం 50 శాతం ఎక్కువ ఇవ్వాలంది రైతుల సమస్యల మీద కేంద్రం వేసిన స్వామినాథన్ కమిషన్. 2018-19 బడ్జెట్లో కేంద్రం ఒకటిన్నర రెట్లు అంది, లెక్క మాత్రం ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ మీద. రైతు సంఘాలు సీ2 అడుగుతున్నాయి. సొంత పొలానికి కౌలు కట్టడం ఖర్చేనా? ఈ ఒక్క ప్రశ్నకి ఎడమవాళ్లు, కుడివాళ్లు ఇచ్చే జవాబులు రాస్తే పుస్తకమవుతుంది. పైగా మన దగ్గర సీ2 అడిగేవాళ్లలో ఎడమవాళ్లూ ఉన్నారు. సొంత భూమికి కౌలు కట్టమని వాళ్లే అడగడం నాకు తమాషాగా ఉంటుంది.

వ్యాఖ్య: ఎఫ్ఎల్ అనగానే మా నాన్న ఖాతా పుస్తకం గుర్తొచ్చింది. పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం. దుక్కి ఇంత, యూరియా ఇంత, ‘నాట్లు – 12 మంది’ అని కూలి. మడిలో దిగింది 13 మంది, ఆ పదమూడో మనిషి మా అమ్మ. కలుపుకీ అంతే. చివర గీత గీసి ‘గిట్టింది’ అని రాసుకునేవాడు. ఓసారి అమ్మకి చదివి వినిపిస్తే, ‘ఆయనకి గిట్టిందిలే’ అని చేట అందుకుంది.

పోస్టు పెట్టిన నేనే: అందరికీ థాంక్స్. బోర్డు మీద ‘న్యాయ’ లేదని మొదలుపెట్టాను, ఇప్పుడు లేకపోవడమే నయమనిపిస్తోంది. చౌక అన్నప్పుడు కనీసం కొనేవాళ్ల వైపు నుంచి మాట్లాడుతున్నామని దాచుకోవడం లేదు.

వ్యాఖ్య: ఒక్కటి చేర్చండి. మా వీధిలో కూరగాయలామె బేరమాడితే గిట్టదు అనదు, ‘ఆ రేటుకి నాకు పడదమ్మా’ అంటుంది. ‘పడదు’కీ ముందు ‘నాకు’ ఉంది చూశారా. ఇలాంటివి మీ వైపు ఇంకేమున్నాయి?