“సహశయ్య”యా, “ఏకశయ్య”యా?

పాతపుటలు: రోగాలు ఒకరి నుండి మరొకరికి ఎలా సోకుతాయో చెప్పే, ప్రాచీన వైద్యగ్రంథం సుశ్రుత సంహిత కుష్ఠనిదానంలోని “ప్రసంగాద్గాత్రసంస్పర్శాత్” శ్లోకాన్ని ఆసుపత్రిలో సోకే వ్యాధులపై రాస్తున్న వ్యాసానికి మకుటంగా ఉంచదలచాను. మూడవ పాదం “సహశయ్యాసనాచ్చాపి” అనియా, “ఏకశయ్యాసనాచ్చైవ” అనియా? రెండూ నోటికి వస్తున్నాయి.

గణవిభజన: రెండు పాఠాలూ వ్యాప్తిలో ఉన్నాయి, రెండూ అనుష్టుప్పులో చక్కగా ఇముడుతాయి కనుక ఛందస్సు తీర్పు చెప్పదు. అర్థం మాత్రం ఒకటి కాదు. “సహ” అన్నప్పుడు ఇద్దరూ ఒకే వేళ కలిసి పడుకోవాలి. “ఏక” అన్నప్పుడు ఒకరు లేచి వెళ్లిన మంచం మీద మరొకరు పడుకున్నా చాలును. నా మొగ్గు “ఏక” వైపే.

వార్డు మాస్టారు: సూక్ష్మజీవశాస్త్రం కూడా మీ పక్షమే. విరేచనాలు కలిగించే క్లోస్ట్రిడియాయిడీస్ (పాత పేరు క్లోస్ట్రిడియం) డిఫిసిల్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు మంచపు కమ్ముల మీద నెలల తరబడి నిలుస్తాయి, చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రవానికి చావవు. అందుకే ఆ రోగి ఖాళీ చేసిన గదిలో చేరినవారికి ముప్పు ఎక్కువ. తరువాతి మాట “వస్త్రమాల్యానులేపనాత్”లో దుప్పటీ ఉంది, పూతమందూ ఉంది.

తాళపత్రం: నేటి శాస్త్రానికి నప్పినదే అసలు పాఠమనడం గ్రంథ పరిష్కరణ పద్ధతి కాదు. ముందే “సహభోజనాత్” ఉన్నది కనుక లేఖకుడు ఆ “సహ”నే మళ్లీ దించి ఉండవచ్చు, లేదా పునరుక్తి నచ్చని వేరొకరు “ఏక”గా దిద్ది ఉండవచ్చు. అయినా మీరంతా మంచం దగ్గరే ఆగిపోయారు గాని, అసలు పేచీ ఆ తరువాత, సోకే రోగాల పట్టికలో వచ్చే “ఔపసర్గిక” శబ్దంలో ఉన్నది. సూత్రస్థానం 35వ అధ్యాయంలో ఆ మాటకు అర్థం, ముందున్న వ్యాధి మీద తరువాత వచ్చి చేరి, దానినే మూలంగా కలిగిన ఉపద్రవం. ఆసుపత్రి వ్యాధికి ఇంతకంటె దగ్గరి మాట ఏది?

వార్డు మాస్టారు: అక్కడే విభేదిస్తాను. చేరేనాటికి పొదిగే దశలో కూడా లేకుండా, సాధారణంగా 48 గంటలు దాటాక బయటపడినదానిని ఆసుపత్రిలో సోకినదిగా లెక్కిస్తాము. తొడ ఎముక విరిగి వచ్చినవారికి కాథెటర్ వల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే, దాని మూలం ఎముకలో లేదు, గొట్టంలో ఉంది. వియన్నా ప్రసూతి వార్డులో 1847 ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు, అక్కడి వైద్యుడు సెమ్మెల్‌వైస్ క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించాక జూన్‌కు 2 శాతం దరికి దిగాయి. ఆ బాలింత జ్వరానికి మూలం శవపరీక్ష గది నుండి వచ్చిన వైద్యుల చేతులు.

గణవిభజన: అయితే అది శ్లోకంలోని “గాత్రసంస్పర్శ” (ఒంటిని తాకడం) కిందికే వస్తుంది. వ్యాసంలో మాత్రం “అంటు” అని రాయకండి; జాషువా “గబ్బిలం” చదివినవారికి ఆ మాట రోగం దగ్గర ఆగదు.

తాళపత్రం: “అంటుకట్టు” అనే తోటమాలికి ఆ అభ్యంతరం ఉన్నట్టు లేదు. జాషువా సంగతికి వేరే చర్చ తెరుద్దాము. “సంక్రామంతి నరాన్నరమ్”, అంటే మనిషి నుండి మనిషికి సోకుతాయి, అన్న చోట మాస్టారు చెప్పిన గొట్టానికి చోటెక్కడ?

పాతపుటలు: అయ్యా, “సహ”యా, “ఏక”యా?