సీ ఆస్టర్ పూలు, వాటి మీద వాలే తేనెటీగలు: మీరు గమనించినవి తెలుపగలరు

తీరరేఖ:
ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ తీరపు ఉప్పు చిత్తడి నేలల్లో సీ ఆస్టర్ విరివిగా పూస్తోంది. కొన్ని మొక్కల పూలకు పసుపు పచ్చని బొడ్డు చుట్టూ లేత ఊదా రేకులు ఉండగా, మరికొన్నింటికి రేకులే లేవు. రేకులు కీటకాలను ఆకర్షిస్తాయని చదువుకున్నాం కదా, మరి ఈ రెండో రకం మీద ఎవరైనా తేనెటీగలను చూశారా?

పుప్పొడి:
చూశాను, అవి నిస్సంకోచంగా వాలుతున్నాయి. ఒక్క పువ్వులా కనిపించేది చిరుపూల గుత్తి; మనం రేకులనుకునేవి నిజానికి దాని అంచున ఉండే ఆడపూలు. వాటిలో పుప్పొడి ఉండదు. పుప్పొడి అంతా మధ్యలోని పసుపు చిరుపూలలోనే ఉంటుంది కనుక, దాన్ని సేకరించేందుకు వచ్చిన తేనెటీగకు రేకులు లేకపోవడం పెద్ద లోటు కాదని నా అభిప్రాయం.

ఇసుకగట్టు:
ఈ మొక్కకు అసలు విలువ అది పూసే కాలం వల్ల వచ్చింది. జులైలో మొదలై అక్టోబరు వరకు పూస్తుంది కాబట్టి, తీరంలో మిగతా పూలు తగ్గిపోయాక కూడా సీతాకోకచిలుకలకు, పూల ఈగలకు మకరందం అందుతుంది. కొలెటెస్ హాలోఫిలస్ అనే ఒంటరి తేనెటీగ (అందరూ కలిసి ఒకే పట్టు కట్టకుండా, ఒక్కో ఆడ ఈగ తన గూడు తానే కట్టుకునే రకం) తన పిల్లలకు కావలసిన పుప్పొడిని ప్రధానంగా ఈ పూల నుంచే తెచ్చుకుంటుంది. అది ఆగస్టు చివర్లో గానీ బయటికి రాదు. చిత్తడి నేల అంచున ఉన్న ఇసుకలో గూళ్లు తవ్వి, లోపలి గదులకు తన శరీరం నుంచి వెలువడే స్రావాన్ని పూస్తుంది. అది ఆరి, నీరు చొరని పలుచని పొరగా మారుతుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు తడిసే చోట్ల కూడా గూళ్లు ఉండడానికి ఈ పొర తోడ్పడుతుంది. అందువల్ల పూలను మాత్రమే కాపాడి, పక్కనున్న ఇసుక గట్టును కాంక్రీటుతో కప్పేస్తే ఆ తేనెటీగకు ఒరిగేదేమీ లేదు.

పచ్చికబయలు:
మేత సంగతి కూడా చెప్పుకోవాలి. పశువులు సీ ఆస్టర్‌ను ఇష్టంగా తింటాయి. మేత ఎక్కువగా ఉన్న చిత్తడి నేలల్లో మొక్కలు పొట్టిగా మిగిలిపోయి, పూత బాగా తగ్గడం గమనించాను. కంచెకు అవతల అవే మొక్కలు నడుము ఎత్తున పూస్తున్నాయి. పూత ముగిసేదాకా పశువులను కొంత భాగంలోకి రానీయకపోతే మేలు.

తీరరేఖ:
అందరికీ ధన్యవాదాలు. సెప్టెంబరులో గట్టు మీద గుంపుగా గూళ్లు కనిపించాయి. అవి హాలోఫిలస్‌వేనని అనుకోవచ్చా?

ఇసుకగట్టు:
అప్పుడే నిర్ధారణకు రావద్దు. ఐవీ అనే పాకే తీగ పూలను ఆశ్రయించే కొలెటెస్ హెడెరే చూడటానికి దీనిలాగే ఉంటుంది, సెప్టెంబరులోనే తిరుగుతుంది, అదీ గుంపులుగానే గూళ్లు కడుతుంది. దాన్ని ప్రత్యేక జాతిగా వర్ణించింది 1993లోనే; బ్రిటన్ ప్రధాన భూభాగంలో 2001లో మొదటిసారి కనిపించింది. దాని పొట్ట మీది పట్టీలు సాధారణంగా నారింజ ఛాయలో ఉంటాయి, అయితే ఎండకు వెలిసిపోతాయి. ఆడ ఈగ గూటికి తిరిగి వస్తున్నప్పుడు దగ్గరగా ఫొటో తీసి, చుట్టుపక్కల ఐవీ పూసిందో లేదో రాసి ఇక్కడ పెట్టండి.