సమస్య: చచ్చినట్టివాడు సాక్ష్యమిచ్చె

నిర్వహణ:
ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. ఒకటే షరతు: పూరణ హత్యా నవల చివరి మలుపులా ఉండాలి, కథ మన విశాఖలోనే జరగాలి. నవలలో హంతకుడి పేరు చివరిదాకా దాస్తారు. ఇక్కడ ముగింపు ముందే అందరి చేతిలో ఉంది కాబట్టి, అదెలా జరిగిందన్నది దాచాలి. దాచినా సరే, ఆధారం పై పాదాల్లో ఎక్కడో పాఠకుడి కళ్ళెదుటే పడి ఉండాలి.

గాజువాక కుర్రాడు:
దెయ్యమొకటి వచ్చి తెల్లచీరను గట్టి
బీచిరోడ్డు మీద పేరు చెప్పె
పోలిసన్న వినుచు పుస్తకమున రాసె
చచ్చినట్టివాడు సాక్ష్యమిచ్చె

ఏటంటారు గురువుగారూ?

నిర్వహణ:
యతులకు వంక పెట్టలేను తమ్ముడూ. పోలీసుకి దీర్ఘం కోసేశావు, సరదా పద్యం కాబట్టి సరే. దెయ్యం మాత్రం చెల్లదు. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు ఫాదరీ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. మానవాతీత శక్తుల్ని రానివ్వొద్దన్నది అందులో రెండోది. అయినా చచ్చింది మగాడైతే తెల్లచీరెందుకయ్యా? సాయంత్రం మురీమిక్చరు బళ్ళ దగ్గర ఆ జనాన్ని చూస్తే దెయ్యమే జడుసుకుంటుంది.

గాజువాక కుర్రాడు:
పోనీ కవలల్ని పెట్టీమంటారా?

నిర్వహణ:
పదో నియమం. కవలలున్నారన్న సంగతికి పాఠకుణ్ణి ముందే సిద్ధం చెయ్యాలి. మూడు పాదాల్లో ఆ పని చెయ్యగలిగితే చెయ్యి.

పెందుర్తి మాస్టారు:
కత్తిపోటువాని చివరిమాటలు విని
న్యాయమూర్తి రాసె నాటి రాత్రి
తెల్లవారువేళ తీరిపోయిన గాని
చచ్చినట్టివాడు సాక్ష్యమిచ్చె

మరణ వాంగ్మూలం అన్నమాట. పాత సాక్ష్య చట్టం (1872) 32వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఇదే 26వ సెక్షను.

నిర్వహణ:
మాస్టారూ, ఊహ దిట్టంగా ఉంది. బతికుండగా అన్న మాట చనిపోయాక కోర్టు గుమ్మం ఎక్కడం సమస్యకు సరిగ్గా అతికింది. కానీ మొదటి పాదంలో ‘క’కి ‘చి’ యతి కాదు. ‘కత్తిపోటువాని కడసారి పలుకులు’ అంటే గణాలూ చెడవు, యతీ దక్కుతుంది. ‘తీరిపోయిన’ తర్వాత వెంటనే ‘చచ్చిన’ రావడం పునరుక్తి. ఇంకో సంగతి, వాంగ్మూలం అన్నది రెండో పాదానికే తేలిపోయింది, మూడోదానికి పని లేకుండా పోయింది.

సీతమ్మధార చదువరి:
కిటికి చాటునుండి కింద చూసినవాడు
మాట పెగల లేదు మాసములుగ
నిద్రలేక నలిగి నిత్యమ్ము భయముతో
చచ్చినట్టివాడు సాక్ష్యమిచ్చె

పెందుర్తి మాస్టారు:
భేష్ అమ్మా. ‘భయముతో’ అన్న మాటని మూడో పాదం చివర నిలబెట్టి చావుని నుడికారంలోకి దించేశారు. అసలైన పూరణ పద్ధతి ఇదే.

నిర్వహణ:
మాస్టారితో సగమే ఏకీభవిస్తాను. పద్యంగా దీనికి ఎదురు లేదు. నవలగా చదివితే మాత్రం శవమే మాయమైంది! చచ్చాడనుకున్నవాడు చావలేదు అని తేల్చేస్తే పాఠకుడు పుస్తకం విసిరికొడతాడు.

భీమిలి వాసి:
అలలు లాగె ననుచు నన్న యేడ్చుచునుండె
కెరటమేమొ యుప్పు, గెడ్డ నాచు
ఎముకలోన దొరికె నింక చెప్పెడిదేమి?
చచ్చినట్టివాడు సాక్ష్యమిచ్చె

శవం దొరికింది రుషికొండ తీరాన. ముంచింది మేఘాద్రిగెడ్డలో, అంటే మంచినీటి వాగులో.

నిర్వహణ:
ఇదీ కథంటే! ‘అనుచున్ + అన్న’, అచ్చుకి యతి కుదిరింది. ‘నాచు’ తర్వాత ‘ఎముక’ విసంధి, అంటే కలపాల్సిన సంధి కలపలేదు, పాదాంతం కదా అని వదిలేస్తున్నాను. అన్న ఏడుపుతో మొదలుపెట్టడం నాకు బాగా నచ్చింది. ‘హంతకుడు’ అని ఎక్కడా అనలేదు, మూడో పాదం చదివాక ఆ ఏడుపు నాటకమని మనకే తడుతుంది.

గాజువాక కుర్రాడు:
ఒక్క డౌటు. గెడ్డలన్నీ ఆఖరికి సముద్రంలోకే కదా వస్తాయి? ఆ నాచు కొట్టుకొచ్చి శవానికి పట్టొచ్చు కదా? నేను అన్న తరఫు లాయర్నైతే ఇదే అడుగుతాను.

భీమిలి వాసి:
అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. ఒంటికి పట్టొచ్చు, ఊపిరితిత్తుల్లోకీ కాస్త చొరబడొచ్చు. ఎముక మూలుగలోకి చేరాలంటే మాత్రం గుండె కొట్టుకుంటూ ఉండాలి. మునుగుతూ ఊపిరితో లోపలికి పీల్చిన నీళ్ళతోపాటు అది నెత్తుటిలో కలిసి అక్కడిదాకా పోవాలి. నేను నాచు అన్నది డయాటమ్‌ని. కంటికి కనబడనంత చిన్నది, ఇసకలో ఉండే సిలికాతో దానికో పెంకు. ల్యాబులో ఎముకని ఆసిడ్‌లో కరిగించినా ఆ పెంకు కరగదు. మంచినీటి రకాలు వేరు, ఉప్పునీటి రకాలు వేరు. గెడ్డనీళ్ళూ సముద్రపు నీళ్ళూ సీసాల్లో పట్టి పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు.

గాజువాక కుర్రాడు:
అయితే మా అన్న దొరికిపోయినట్టే. ఫీజు ముందే తీసీసుకోవాల.