ఇద్దరికీ నైట్ డ్యూటీ పడితే రెండేళ్ల పాపను ఎక్కడ ఉంచాలి?

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఆయన 108 అంబులెన్స్‌లో పైలట్, అంటే డ్రైవర్. డెంగీ కేసులు పెరగడంతో మూడు వారాలుగా నాకు వరుసగా నైట్ డ్యూటీలే, రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా. వారంలో మూడు రాత్రులు ఆయనకూ అదే టైం. పాపకు 2 ఏళ్ల 4 నెలలు.

అత్తయ్య వచ్చి పది రోజులు చూసుకున్నారు, మోకాళ్ల నొప్పులతో ఊరికి వెళ్లిపోయారు. డే కేర్ సాయంత్రం 6:30కే మూసేస్తారు. పైగా నేను జ్వరాల వార్డులో చేస్తానని తెలిసి పగలు కూడా వద్దన్నారు. డెంగీ దోమ వల్లే వస్తుంది, పక్కన కూర్చుంటే అంటుకోదని ఎంత చెప్పినా వినలేదు. అంగన్‌వాడీ పగలే కదా. రాత్రికి పెట్టుకున్న ఆయా నాలుగో రోజే మానేసింది. డ్యూటీ మార్చమంటే, సగం మంది స్టాఫ్ జ్వరంతో సెలవులో ఉన్నారన్నారు. అదీ నిజమే.

మొన్న పక్కింటివాళ్ల దగ్గర వదిలాను. నా ఐడీ కార్డు తాడు పట్టుకుని వదల్లేదు, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి వెళ్లాను. ఆ రాత్రంతా వార్డులో టెన్షనే.

50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసేచోట క్రెష్ (ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టంలోనే పెట్టారు. మా దగ్గర అంతకంటే చాలా ఎక్కువమందే ఉన్నాం. నోటిమాటగా అడిగితే గది లేదన్నారు. చిన్నపిల్లలున్న ఆరుగురం కలిసి అర్జీ రాయాలనుకుంటున్నాం.

మీ ఆసుపత్రిలో రాత్రిపూట క్రెష్ పెట్టించుకున్నవాళ్లు ఉంటే, అర్జీ ముందుగా ఎవరికి ఇచ్చారో చెప్పగలరా?