సర్వర్ ఆగినప్పుడు ఇచ్చిన మందుల టైమ్ ఎలా ఎక్కిస్తున్నారు?

నమస్తే అండి. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో స్టాఫ్ నర్స్‌ని. మా వార్డులో మందుల చార్టు, వైటల్స్ (బీపీ, పల్స్ లాంటివి), షిఫ్ట్ హ్యాండోవర్ అన్నీ కంప్యూటర్‌లోనే. డాక్టర్ల చేతిరాతతో కుస్తీ తప్పింది, అది నిజంగా పెద్ద మేలు. ఇబ్బందల్లా సర్వర్ ఆగినప్పుడే.

అప్పుడు కాగితం మీద రాసుకుంటాం. ఉదయం 6కి యాంటీబయాటిక్ ఇచ్చామనుకోండి, సిస్టమ్ వచ్చాక 8:40కి ఎంటర్ చేస్తే 8:40కే ఇచ్చినట్టు పడుతుంది. దాంతో తర్వాతి డోసు టైమ్ కూడా ఆలస్యంగా పడుతుంది. ఈలోపు షిఫ్ట్ మారితే ఇంకా భయం. స్క్రీన్ మీద పెండింగ్ అని ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి, కొత్తగా వచ్చిన సిస్టర్ మళ్లీ ఇచ్చేయొచ్చు. అదే ఇన్సులిన్ అయితే? తలుచుకుంటేనే టెన్షన్.

కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఈహెచ్‌ఆర్ (ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు) ప్రమాణాల్లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో తెలిసేలా ఆడిట్ లాగ్ ఉండాలని ఉంది. అది ఉండాల్సిందే, ఎంట్రీ టైమ్ మార్చమని నేను అడగట్లేదు. మందు ఇచ్చిన టైమ్‌కి వేరే గడి కావాలంటున్నాను. మీ హాస్పిటల్లో అలా ఉందా? సర్వర్ వచ్చాక కాగితం చార్టు ఎవరు ఎక్కిస్తారు, రెండో సిస్టర్ సరిచూస్తారా? మా ఐటీ వాళ్లకి ఏమని రాసివ్వాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.