1856 చేతిబండ్ల నవల: ఆ చెయ్యి ఎత్తింది భక్తా, ఆకలా?

పాతపుస్తకాలు:
తొలినాటి మార్మన్ల (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) వలస మీద నవల రాస్తున్నాను. 1856లో విల్లీ అనే నాయకుడి దళం లివర్‌పూల్‌లో ఓడెక్కి, న్యూయార్క్‌లో దిగి, రైల్లో అయోవా సిటీ చేరింది. అక్కణ్ణుంచి మార్మన్ల కేంద్రమైన సాల్ట్ లేక్ సిటీకి రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు చేతిబండ్లు లాగుతూ నడక. ఆగస్టులో దారిలోని ఫ్లోరెన్స్ (నెబ్రాస్కా) దగ్గర, దళం ఉపనాయకుల్లో లీవై సావేజ్ ఒక్కడే లేచి, ఇప్పుడు బయల్దేరితే ముసలివాళ్ళూ పిల్లలూ మంచులో పోతారని ఏడుస్తూ చెప్పాడు. ఓటు పెడితే ఎక్కువమంది పోదామనే చేతులెత్తారు. అక్టోబరులో మంచు పడింది. వెనక వచ్చిన మార్టిన్ దళంతో కలిపి 200 మందికి పైగా చనిపోయారు. నా కథలో లాంకషైర్ నేతపని చేసే విధవరాలు కూడా చెయ్యి ఎత్తుతుంది. నమ్మేలా ఉందా?

గోదారిగట్టు:
లేదండీ. ప్రయాణం ఖర్చు చాలామందికి మార్మన్ల వలస నిధి అప్పుగా ఇచ్చింది. ఫ్లోరెన్స్‌లో చలికాలమంతా ఉంటే ఏం తింటారు? ఆ చెయ్యి ఎత్తింది ఆకలి. దానికి భక్తి రంగు పుయ్యకండి.

తూకంరాయి:
సామాను మనిషికి 17 పౌండ్లే, అంటే ఏడున్నర కిలోల పైన. పక్కబట్టలతో సహా. ఆవిడ చేతికి పెద్ద పెట్టె ఇవ్వకండి.

ఒంగోలుపిల్ల:
గోదారిగట్టు గారూ, ఈ మాట మా వాడలో పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను. "గంజి కోసం మునిగారు" అని. కరువులో బకింగ్‌హామ్ కాలవ పని ఇప్పించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. సాయం ఆగాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. అందులో మా ముత్తాత తండ్రి ఉన్నాడని ఇంట్లో చెబుతారు. పేదవాడు దేవుణ్ణి నమ్మితే అది కడుపు కోసమే, ఉన్నవాడు నమ్మితే భక్తా?

గోదారిగట్టు:
మీ పెద్దల్ని నేనేమీ అనలేదమ్మా. విషయం చేతిబండ్లది.

ఒంగోలుపిల్ల:
అన్నారు. "రంగు" అన్నారు. పచ్చి కర్రతో చేసిన బండ్లు దారిలో ఎండి ఊడిపోతుంటే, ఇరుసులకు సబ్బు, పంది కొవ్వు రాసుకుంటూ లాగారు. తినాల్సిన కొవ్వు ఇరుసుకు రాసినవాళ్ళు తిండికోసమే వచ్చారంటారా?

తూకంరాయి:
17 పౌండ్లలో సబ్బు లెక్క వేశారా?

గోదారిగట్టు:
తూకం గారూ, కాసేపు ఆగండి. అమ్మా, చెబుతాను వినండి. మా తమ్ముణ్ణి ఒక ఏజెంటు డ్రైవరు పనని గల్ఫ్ పంపి ఎడారిలో ఒంటెల దగ్గర పెట్టించాడు. అడగడానికి వెళ్తే "సంతకం నువ్వే పెట్టావుగా" అన్నాడు. ఆ మాటే నాకు పడదు. "ఇష్టపడి చెయ్యి ఎత్తింది" అని రాయగానే, చేతిబండ్లైతే ఖర్చు తక్కువని ఆ పద్ధతి పెట్టిన మార్మన్ల అధినేత బ్రిగమ్ యంగ్, ఆలస్యమని తెలిసీ ముందుకు నడిపిన పెద్దలూ తప్పించుకుంటారు.

ఒంగోలుపిల్ల:
ఇది మొదటే చెప్పాల్సింది. పెద్దల తప్పు కాదని నేనెప్పుడన్నాను? నవంబరులో ఆ యంగే వేదిక మీద నిలబడి, ఆలస్యంగా పంపినందుకు యూరప్ నుంచి వలసలు చూసిన తన మనిషి రిచర్డ్స్‌ని మందలించాడు. తప్పు వాళ్ళది. చెయ్యి మాత్రం ఆవిడది. అది కూడా ఆకలికి రాసిచ్చేస్తే ఆవిడకి మిగిలేదేంటి?

గోదారిగట్టు:
అక్టోబరులో సహాయం బళ్ళు పంపిందీ యంగే. అదీ కాదనను. కానీ మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నా తమ్ముడి సంతకం తమ్ముడిదేనని ఒప్పుకోడానికి మాత్రం నాకు మనసొప్పదు.

పాతపుస్తకాలు:
ఆ ఘట్టం మళ్ళీ రాస్తాను. ఓటుకి ముందు ఆవిడ సావేజ్‌నే చూస్తుంటుంది. తర్వాత చెయ్యి ఎత్తుతుంది. ఎందుకో నేను చెప్పను. ఓడిపోయాక సావేజ్ వెనక్కి పోలేదు, వాళ్ళతోనే నడిచాడు. దారిలో ఆవిడ బండి ఇరుసుకి కొవ్వు రాసేది అతనే.